కుక్క మూత్రంతో లాన్‌లో పసుపు మచ్చలు: మందులు పక్కన పెట్టి మగ్గు పట్టుకోండి

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో సొంత ఇల్లు, ముందు సుమారు 400 చదరపు అడుగుల్లో మెక్సికన్ గడ్డి, ఇంట్లో రెండేళ్ల ఆడ లాబ్రడార్. ఆర్నెల్లుగా గడ్డిలో పళ్లెమంత పసుపు మచ్చలు లేస్తున్నాయి. నర్సరీ ఆయన జిప్సం చల్లమని ఒక బస్తా అంటగట్టాడు. స్నేహితురాలు కుక్క అన్నంలో టమాటా రసం కలపమంది. ఆన్‌లైన్‌లో లాన్ మాడకుండా కుక్కకి వేసే మాత్రలు కనపడ్డాయి. అత్తగారు మాత్రం కుక్కని వెనక కట్టేస్తే సరి అంటున్నారు. వీటిలో ఏది చెయ్యాలి?

ఏదీ వద్దు.

నేను రాజమండ్రిలో ఉంటాను. కడియం నర్సరీల నుంచి గడ్డి తెప్పించి ఇళ్ల ముందు లాన్లు వేయించడం నా పని, ఇరవై ఏళ్లు దాటింది. ఇంట్లో ఇప్పుడున్నది మూడో కుక్క. అంటే మాడేదీ నా ఇంట్లోనే ఉంది, మాడ్చేదీ నా ఇంట్లోనే ఉంది. కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అవి మూత్రం మచ్చలే అని తేల్చుకోండి. సగం మంది ఇక్కడే పొరబడతారు. మచ్చ మధ్యలో ఎండుగడ్డిని నాలుగు వేళ్లతో పట్టుకుని పైకి లాగండి. నేలని గట్టిగా పట్టుకుని ఉండి, ఆకులు మాత్రం తెగి చేతిలోకి వస్తే మూత్రం పనే అయివుంటుంది. చాపలా లేచి వచ్చేస్తే కింద వేరుపురుగో చెదో ఉందన్నమాట, మట్టి తవ్వి చూడండి. వానాకాలంలో మచ్చలు రోజురోజుకీ అంచుల నుంచి పెరుగుతూ పోతుంటే తెగులు అని అనుమానించాలి. మూత్రం మచ్చ ఒకసారి పడ్డాక పెరగదు. ఇంకో గుర్తు ఉంది. మధ్యలో మాడిపోయి, చుట్టూ మిగతా లాన్ కంటే ముదురు పచ్చగా, ఏపుగా ఒక వలయం ఉంటుంది. మీరు రాసిన దాంట్లో “అంచుల్లో గడ్డి మాత్రం బాగా పెరుగుతోంది, అదే అర్థం కావట్లేదు” అన్నారు చూడండి, నాకు అర్థమైంది అక్కడే.

ఆ వలయం ఎందుకొస్తుందో తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. కుక్క తిన్న మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజని యూరియా రూపంలో మూత్రంలోకి వస్తుంది. పొలంలో చల్లే యూరియా ఏదో ఇదీ అదే, ఫ్యాక్టరీ తేడా అంతే. 1828లో వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో మొదటిసారి యూరియా తయారుచేసి, మనిషిదో కుక్కదో మూత్రపిండం అక్కర్లేకుండానే యూరియా చేయగలనని తన గురువుకి ఉత్తరం రాశాడు. అన్ని జంతువులుండగా ఆయనకి కుక్కే గుర్తొచ్చింది! సరే, విషయానికి వస్తాను. బస్తా యూరియాలో 46 శాతం నత్రజని. ఎకరంలో పల్చగా చల్లితే చేను నల్లగా లేస్తుంది. అదే గట్టు మీద బస్తా చిరిగి కుప్పగా పడిన చోట గరిక కూడా మాడి చస్తుంది. మీ లాన్‌లో జరుగుతున్నది అదే. మచ్చ మధ్యలో మోతాదు ఎక్కువై మాడింది. అంచుల్లోకి పాకేసరికి పల్చబడి ఎరువుగా పనిచేసింది. దీనికి తోడు మూత్రంలో లవణాలు కూడా ఉంటాయి. అవి వేళ్ల దగ్గర నీటిని గడ్డికి అందకుండా చేస్తాయి.

ఈ సంగతి తెలిసి కూడా నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. మా మొదటి కుక్క మల్లి, పామరేనియన్. అది వచ్చిన ఏడాది లాన్ అక్కడక్కడా పసుపెక్కింది. నత్రజని లోపం అనుకుని, ఎవర్నీ అడగకుండా, దోసెడు యూరియా తెచ్చి పసుపు మచ్చల మీదే చల్లాను. మధ్యాహ్నం పూట, మే నెలలో. నాలుగో రోజుకి పళ్లెమంత మచ్చ చేటంత అయింది. లాన్లు వేయించే మనిషి ఇంట్లో లాన్ అలా ఉంటే వచ్చేపోయేవాళ్లు ఏమంటారో మీరే ఊహించుకోండి. అందుకే చెప్తున్నాను, మీ మాలి “సార్, కొంచెం యూరియా వేద్దాం, పచ్చబడుద్ది” అంటే వద్దనండి. కుక్క ఉన్న ఇంట్లో లాన్‌కి నత్రజని ఎరువు సగానికి తగ్గించాలి. ఇప్పటికే ఎరువు బాగా తిన్న గడ్డి ఇంకో చుక్క పడగానే మాడుతుంది. వర్మీకంపోస్టు పల్చగా చల్లుకుంటే చాలు.

ఇప్పుడు అసలు అపోహ. కుక్క మూత్రం యాసిడ్ లాంటిది, అందుకే గడ్డిని కాల్చేస్తుంది అని అందరూ అనుకుంటారు. టమాటా రసం, వెనిగర్, వంటసోడా, మాత్రలు, ఇవన్నీ ఈ ఒక్క నమ్మకం నుంచే పుట్టాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్క మూత్రం మామూలుగా కొద్దిపాటి ఆమ్లగుణంతోనో, దాదాపు తటస్థంగానో ఉంటుంది. అంత మాత్రానికి గడ్డి చావదు. ఆమ్లం తగ్గించినా పెంచినా లోపలి యూరియా ఎక్కడికీ పోదు, మచ్చ మచ్చలాగే పడుతుంది. కుక్కకి మాత్రం ముప్పు. మూత్రం గుణం మార్చేకొద్దీ మూత్రాశయంలో రాళ్లు కట్టే అవకాశం పెరుగుతుంది. ఆమ్లం వైపు తోస్తే ఒక రకం రాళ్లు, క్షారం వైపు తోస్తే ఇంకో రకం. వెటర్నరీ డాక్టరు పరీక్ష చేసి, కారణం చూసి ఇస్తే అది వేరే సంగతి. గడ్డి కోసం కుక్క నోట్లో మాత్ర వెయ్యకండి. టమాటా రసం గురించి కొందరు ఇంకో మాట చెప్తారు, అందులో ఉప్పు వల్ల దాహం వేసి నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం పల్చబడుతుంది అని. గుండె, కిడ్నీ సమస్యలున్న కుక్కకి ఆ ఉప్పే చేటు. పైగా మన ఇళ్లలో రసం అంటే టమాటా ఒక్కటే కాదు కదా, ఉల్లి వెల్లుల్లి పడతాయి, కుక్కలకి రెండూ పడవు.

మరి ఏం చెయ్యాలి? నీళ్లు పొయ్యాలి. ఇంత చెప్పి చివరికి ఇదా అనుకోకండి, ఎంత, ఎప్పుడు, ఎలా అనేదాంట్లోనే ఉంది కిటుకంతా. కుక్కకి రోజుకి కిలో బరువుకి 20 నుంచి 40 మిల్లీలీటర్ల మూత్రం మామూలు. మీ లాబ్ 28 కిలోలు అనుకుంటే రోజుకి 560 నుంచి 1,120 మిల్లీలీటర్లు. నాలుగైదు సార్లు పోసిందంటే ఒక్కోసారి దగ్గర దగ్గర పావు లీటరు. దాన్ని విరగ్గొట్టడానికి కనీసం మూడింతల నీళ్లు కావాలి. బాత్రూమ్ మగ్గుతో నిండా ఒకటి పోస్తే అయిపోయింది, రెండు పోస్తే బెంగే లేదు. అది లేచి పక్కకి వెళ్లగానే, నేల ఇంకా తడిగా ఉండగానే, సరిగ్గా ఆ చోట నెమ్మదిగా పొయ్యండి. అప్పుడు ఆ యూరియా పల్చబడి మీ లాన్‌కి ఎరువైపోతుంది. ఎరువు డబ్బులు మిగిలినట్టే.

చాలామంది “మేం రోజూ సాయంత్రం పైపుతో లాన్ మొత్తం తడుపుతున్నాం, అయినా మచ్చలు పడుతున్నాయి” అంటారు. పొద్దున ఆరింటికి పోసిన దాని మీద సాయంత్రం ఆరింటికి నాలుగు చుక్కలు చిలకరిస్తే ఏం లాభం? అందులోనూ పొద్దున మొదటిసారి పోసేది రాత్రంతా నిలవున్నది, అన్నిటికంటే చిక్కనిది. రోజులో ఒక్కసారే కుక్క వెంట వెళ్లగలను అంటే ఆ ఒక్కసారి పొద్దున్నే వెళ్లండి. మా ఇంట్లో వరండా మెట్టు మీద నీళ్లు నింపిన వాటరింగ్ క్యాన్ ఎప్పుడూ ఉంటుంది. తలుపు తియ్యడం, కుక్క పరిగెత్తడం, నేను కాఫీ గ్లాసు ఒక చేత్తో క్యాన్ ఒక చేత్తో వెనకాల నడవడం, ఇది మా దినచర్య. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా ఈ పనికి ఫరవాలేదు, పల్చబరచడమే ముఖ్యం. కానీ లాన్ మొత్తానికీ ఏడాది పొడవునా అలాంటి బోరు నీళ్లే పెడుతుంటే మాత్రం నేలలో ఉప్పు పేరుకుంటుంది, ఆ గడ్డి మూత్రానికి ఇంకా త్వరగా లొంగిపోతుంది. వాన బాగా పడే రెండు మూడు నెలలు మచ్చలు తగ్గినట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే, పైనుంచి మగ్గు పట్టుకుని ఎవరో పోస్తున్నారు.

ఆడకుక్కలదే తప్పు అన్నట్టు మాట్లాడతారు గానీ, వాటి మూత్రంలో ప్రత్యేకంగా విషం ఏమీ లేదు. ఆడది ఒకే చోట కూర్చుని ఉన్నదంతా పోసేస్తుంది. మగది పెద్దయ్యాక కాలెత్తి గేటుకి కొంచెం, క్రోటన్ మొక్కకి కొంచెం, పక్కింటి కారు టైరుకి కొంచెం పంచుతుంది. మగ పిల్ల అయినా కాలెత్తడం నేర్చేదాకా కూర్చునే పోస్తుంది, అప్పుడు దానివీ మచ్చలే.

మగ్గు ఇవాళ్టికి మందు. ఇక మళ్లీ మళ్లీ ఈ పని లేకుండా ఉండాలంటే కుక్కకంటూ ఒక మూల ఏర్పాటు చెయ్యండి. మీరు పంపిన కొలతల్లో కాంపౌండ్ గోడ పక్కన, గేటుకి ఎడమవైపు ఆరడుగుల జాగా ఖాళీగా ఉంది, అది చక్కగా సరిపోతుంది. ఒక అడుగు లోతు తవ్వించి, అడుగున ఆరు అంగుళాలు కంకర, పైన ఇసుక పోయించండి. చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతిస్తే ఇసుక గడ్డిలోకి రాదు. వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు గుమ్మరిస్తే వాసన ఉండదు. ఇల్లు నల్లరేగడి నేల మీద ఉంటే మాత్రం నీళ్లు కిందికి దిగవు, గుంట కాస్త లోతుగా తీయించి కంకర ఎక్కువ వేయించండి. ఒక్క చిక్కు ఉంది, ఇసుక చూస్తే వీధి పిల్లులకి కూడా పండగే. రాత్రిళ్లు పాత వల ఏదైనా పరిచి ఉంచండి.

మూల తయారైనంత మాత్రాన కుక్క తనంతట అక్కడికి వెళ్లదు, అలవాటు చెయ్యాలి. మొదటి రోజు లాన్‌లో అది పోసినప్పుడు పాత గుడ్డ ఒకటి అద్ది తీసుకెళ్లి ఇసుకలో కొద్దిగా కప్పిపెట్టండి. మర్నాడు పొద్దున్న గొలుసు వేసి నేరుగా అక్కడికే తీసుకెళ్లి నిలబడండి. లాన్ మీదుగా నడిపించకండి, దారిలోనే కూర్చుండిపోతుంది. అది వాసన చూసుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలెట్టగానే ఒకే ఒక్క మాట, ఎప్పుడూ అదే మాట అనండి. మా ఇంట్లో ఆ మాట “కానీ”. పని అయిన క్షణంలోనే, లోపలికి వచ్చాక కాదు, అక్కడే, ఉడికించిన చికెన్ ముక్క చిన్నది నోట్లో పెట్టండి. తిన్నాక, నిద్ర లేచాక, పడుకునే ముందు, ప్రతిసారీ ఇంతే. రెండు మూడు వారాలు గొలుసు విప్పకుండా చెయ్యాలి. మల్లి తర్వాత వచ్చిన బుజ్జి పదకొండు రోజుల్లో నేర్చింది. ఇప్పుడున్నదానికి నెలన్నర పట్టింది, దానికి ఇసుక కాళ్లకి అంటుకోవడం ఇష్టం లేదు మరి. ఒకసారి అలవాటయ్యాక వాన పడుతున్నా అక్కడికే పరిగెడుతుంది. మధ్యలో లాన్‌లో పోస్తే తిట్టకండి. తిడితే మీ ముందు పోయడం మానేసి సోఫా వెనక పోయడం మొదలుపెడుతుంది.

ఇల్లు దాటి వాకింగ్‌కి తీసుకెళ్లి తెస్తే సరిపోతుంది కదా అని ఇంకొందరు అంటారు. మన గడ్డి మిగులుతుంది, పక్కింటాయన గడ్డి మాడుతుంది. అలా వెళ్తే చేతిలో నీళ్ల సీసా ఉండాలి.

తిండి విషయం. మాంసకృత్తులు ఎక్కువ తింటే యూరియా ఎక్కువ, ఇది నిజమే. అలాగని గడ్డి కోసం చికెన్ మానిపించి పెరుగన్నం మీద పెట్టకండి. అది ఎదిగిన పెద్ద జాతి కుక్క, దాని కండకి ప్రొటీన్ కావాలి. పెల్లెట్స్ పెడుతుంటే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పెట్టండి. నీళ్ల గిన్నెలు ఒకటికి మూడు చేసి, నీడలో, రోజూ కడిగి పెట్టండి. తాగే నీళ్లు పెరిగితే మూత్రం దానంతటదే పల్చబడుతుంది, ఎండాకాలంలో కుక్కకీ మంచిది. ఉప్పు వెయ్యని పల్చటి మజ్జిగ కూడా కొంచెం ఇవ్వచ్చు, దానికి పడితేనే.

గడ్డి మారిస్తే పోతుందా అని అడిగారు. అమెరికాలో వేన్ అలార్డ్ అనే పశువైద్యుడు, తర్వాత కొలరాడో నుంచి సెనేటర్ కూడా అయ్యారు, 1981లో నాలుగు రకాల గడ్డి మీద ఈ సంగతి పరీక్షించి రాశారు. ఫెస్క్యూ, రై గడ్డి బాగా తట్టుకున్నాయి. కెంటకీ బ్లూ, బెర్ముడా త్వరగా మాడాయి. తట్టుకున్న ఆ రెండూ చలి దేశాల గడ్డి, హైదరాబాద్ ఏప్రిల్‌లో నిలవవు. బెర్ముడా అంటే మన గరిక జాతే. అది త్వరగా మాడినా తీగలు పాకి అంతే త్వరగా కప్పేస్తుంది, వినాయకుడికి ఊరికే ఇష్టమైందా! మీ మెక్సికన్ గడ్డి ఒత్తుగా, మెత్తగా అందంగా ఉంటుంది గానీ పాకడంలో బద్ధకం. మచ్చ పడితే నెలల తరబడి అలాగే వెక్కిరిస్తుంది. అయినా 400 అడుగులు పీకి మళ్లీ వేయించమని నేను చెప్పను, నా వ్యాపారానికి నష్టమైనా సరే. ఉన్నదాన్ని కాస్త పొడుగ్గా ఉంచండి. మాలి మిషను పెట్టి నేలకి గొరిగేస్తే గడ్డికి బలం ఉండదు. ప్లాస్టిక్ గడ్డి మాత్రం వద్దే వద్దు. ఎండలో దాని మీద చెప్పుల్లేకుండా ఒకసారి నడిచి చూడండి, కుక్క పాదాల సంగతి తెలుస్తుంది. మూత్రం నేలలోకి ఇంకే దారి లేక వాసన వేరే.

ఇప్పటికే పడ్డ మచ్చలకి వస్తే, ముందు గడ్డి దుబ్బు మొదలు గోటితో గీరి చూడండి. లోపల తెల్లగా, పచ్చిగా ఉంటే చావలేదు. నాలుగైదు రోజులు మచ్చకి అరబకెట్టు చొప్పున నీళ్లు పోసి వదిలెయ్యండి, చిగురిస్తుంది. మొదలు కూడా గడ్డిపరకలా ఎండి విరిగితే ఆశ లేదు. ఖుర్పీతో ఎండుగడ్డి గీకేసి, మూడు అంగుళాల లోతు మట్టి తీసి అవతల పారేసి, ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు కలిపి నింపండి. లాన్ అంచులో ఎవరి కంటా పడని చోట నుంచి అరచేయంత గడ్డి ముక్కలు వేళ్లతో సహా కోసి తెచ్చి నాటి, కాలితో గట్టిగా అదమండి. వేళ్లకీ మట్టికీ మధ్య గాలి మిగిలితే అతకదు. చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి దారం కట్టండి, కొత్త మట్టి వాసన చూస్తే కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది. జూన్, జులైల్లో చేస్తే కష్టం లేకుండా బతుకుతుంది. మార్చి దాటాక చేస్తే రోజుకి రెండుసార్లు తడపాలి.

ఒక్క విషయం మాత్రం నిర్లక్ష్యం చెయ్యకండి. లాన్ మీద మచ్చల తీరు మారితే కుక్కని చూడండి. బుజ్జికి ఏడేళ్లప్పుడు పళ్లెమంత మచ్చలు ఆగిపోయి, రూపాయి బిళ్లంత మచ్చలు ఎక్కడపడితే అక్కడ కనపడ్డాయి. మొదట సంతోషించాను కూడా. తర్వాత గమనిస్తే అది ఐదు నిమిషాలకోసారి కూర్చుంటోంది, నాలుగు చుక్కలే పోస్తోంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. డాక్టరు పరీక్ష చేయించి మందులు రాసిచ్చారు, తగ్గింది. ఉన్నట్టుండి నీళ్లు విపరీతంగా తాగుతున్నా, మూత్రం ఎర్రగా వస్తున్నా, ముక్కుతున్నా ఆలస్యం చెయ్యద్దు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయితే గర్భసంచిలో చీము పట్టే జబ్బు కూడా ఇలాగే దాహంతో మొదలవ్వచ్చు, అది ప్రాణం మీదకి తెస్తుంది. మీ పిల్లలు ఆ గడ్డిలోనే ఆడుకుంటారని రాశారు కాబట్టి ఇంకోటి. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మూత్రం వల్లే, తడి నేల మీద అంటుకుంటుంది. ఏటా వేయించే టీకాలో అది కలిసి ఉందో లేదో డాక్టరుని అడగండి, పిల్లల్ని ఆట కాగానే కాళ్లు చేతులు కడుక్కోమనండి.

అత్తగారి మాటకి వస్తే, కట్టేసిన కుక్క కట్టేసిన చోటే పోసుకుని అందులోనే పడుకుంటుంది. రాత్రంతా అరుస్తుంది కూడా, అప్పుడు ఆవిడే ముందు విప్పమంటారు. ఇసుక మూల తయారయ్యాక ఒకసారి ఆవిడ చేతే ఆ చికెన్ ముక్క పెట్టించండి. మా ఇంట్లో మా అమ్మ విషయంలో అలాగే కుదిరింది.

ఇక మిగిలింది జిప్సం. అది చౌడు నేలలో సోడియం విరగ్గొట్టడానికి పనికొస్తుంది గానీ యూరియాని ఏమీ చెయ్యలేదు, అసలే లవణం ఎక్కువైన మచ్చలో ఇంకో లవణం వేసినట్టవుతుంది. బస్తా విప్పకపోతే ఊళ్లో వేరుశనగ వేసేవాళ్లెవరికైనా ఇచ్చేయండి, ఊడలు దిగే వేళకి వాళ్లు కొనుక్కుని మరీ వేస్తారు.